పరదా తాడు

మొన్న పుష్యమాసంలో ఒక పొద్దున మా ఆయన ఫ్యాను వేశారు. హోసూరులో, పుష్యమాసంలో, ఫ్యాను! నేను అప్పుడే ఇనుప పెట్టె మూత తీసి అడుగున ఉన్న కంబళిని పైకి లాగుతున్నాను. ఆ గాలికి కంబళిలోని కలరా ఉండల వాసన ఇల్లంతా పరచుకుంది. "జలుబు చేస్తుంది, ఆపండి" అన్నాను. "ఉక్కపోస్తాంటే ఆపమంటావేమి?" అన్నారాయన. తీరా చూసుకుంటే నా మెడ దగ్గరా చెమట పట్టే ఉంది. మామూలుగా ధనుర్మాసం రాకముందే ఆ కంబళిని ఎండలో వేసి, దులిపి, మంచం మీదికి చేర్చేస్తాను. ఈ ఏడు అది పెట్టెలోనే ఉన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. ఒక్క ఏడాది చలి తగ్గిందని పెద్ద పెద్ద తీర్పులు చెప్పకూడదు, ఊళ్ళో సిమెంటు ఎంత పెరిగిందో కూడా చూసుకోవాలి అని బడిలో పిల్లలకు చెప్పినదాన్ని నేనే. అదంతా నిజమే. అయినా ఆ గరుకు కంబళి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మా మామ గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటారు?

నేను పుట్టింది కృష్ణగిరిలో. కొండ పక్కన ఎండకు కాలిపోయే ఊరు. మామిడికాయల కాలంలో అరుగు మీద కూర్చుంటే చీర అంటుకుపోయేది. అక్కడినుంచి హోసూరుకు కోడలిగా వచ్చిన మొదటి చలికాలం నా పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే మా అత్త నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయి నవ్వి వచ్చేది. మామ నవ్వలేదు. కొట్టుకు పోయి, అక్కడున్న వాటిలోకెల్లా మంచి కంబళి తెచ్చి నా ముందు పెట్టి, "ఇది కప్పుకోమ్మా. హోసూరు నీ ఊరైపోతాది" అన్నారు. ఊరు నాదైందో లేదో కాని, వారం రోజులు ఒళ్ళంతా దురద పెట్టింది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు మెత్తటి రగ్గు కప్పుకుంటే నాకు నిద్ర పట్టదు.

మా వాళ్ళది బజారులో కంబళ్ళ కొట్టు. వేప్పనపల్లి పక్క పల్లెల నుంచి గొర్రెల కాపర్లు నేసిన కంబళ్ళు మూటలు కట్టి తెచ్చి వేసేవాళ్ళు. మామ ఒక్కొక్కటీ విప్పి, నాలుగు మూలలూ పట్టించి, మధ్యలో చెంబుడు నీళ్ళు పోసేవారు. నీళ్ళు కారకుండా నిలిస్తేనే కొనేది. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఒక సరుకు ఎందుకు పనిచేస్తుందో తనకు తెలియకుండా దాన్ని అమ్మకూడదు. "బాగుంటాది, తీసుకోప్పా" అనడం ఆయన దృష్టిలో అబద్ధం ఆడటంతో సమానం. గొడుగు అమ్మినా గుడ్డ ఎందుకు తడవదో చెప్పి అమ్మేవారు. వర్షంలో నిలబడ్డవాడికి అంత ఓపిక ఉంటుందా అని మా ఆయన గొణిగేవారు. గొణుగుడు వినిపించినా మామ చెప్పడం ఆపేవారు కాదు.

కాలం మారి కంబళ్ళు కొనేవాళ్ళు తగ్గారు. హోసూరు చుట్టూ గులాబీల షెడ్లు లేచాయి. ఇనుప గొట్టాల మీద తెల్లటి ప్లాస్టిక్ కవరు బిగించి కట్టిన పాలిహౌసులు. బేరిగె దారిలో బస్సులో పోతుంటే కొండల మధ్య చెరువులు మెరుస్తున్నాయా అనిపించేది. మా కొట్టూ మారింది. ఉన్ని వాసన పోయి ప్లాస్టిక్ వాసన వచ్చింది. కవరు ఎన్నాళ్ళు చిరగకుండా ఉంటుందో కంపెనీవాళ్ళు చెప్పారు. అది ఎట్లా పనిచేస్తుందని మామ అడిగితే, "ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు" అన్నారు. ఆ ఒక్క ముక్క ఆయనకు చాలినట్టే అనిపించింది. కంబళి మాత్రం చేసేది అదే కదా!

ఆ రోజుల్లోనే ఒకతను కవరు కోసం వచ్చాడు. మా కొట్టుకు అన్నిటికన్నా మంచి కంబళ్ళు తెచ్చి వేసిన కాపరి కొడుకు. తండ్రి పోయాక మందను అమ్మేసి, బేరిగె దగ్గర షెడ్డు కట్టి గులాబీ మొక్కలు పెట్టుకోవాలని అతని ఆలోచన. మామ అతన్ని తండ్రి కూర్చునే చోటే కూర్చోబెట్టి, కవరు చేతికిచ్చి, "ఇదిగో, మీ నాయన నేసిన కంబళి మాదిరే అనుకో. ప్లాస్టిక్ కంబళి. కప్పేస్తే చలి లోపలికి రాదు" అన్నారు. కంబళ్ళ మధ్య పుట్టి పెరిగిన ఇద్దరు మనుషులకు అంతకన్నా బాగా అర్థమయ్యే మాట ఇంకోటి లేదు. అతను తలూపి తీసుకుపోయాడు. ఫిబ్రవరిలో గులాబీలకు గిరాకీ. ఆ పూలు వస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే షెడ్డు విప్పేసి ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోవాలి. మంద ఎట్లాగూ లేదు. ఈ సంగతి అతను మామ దగ్గర దాచలేదు.

ధనుర్మాసం నడుస్తుండగా అతను మళ్ళీ వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. చేతిలోని కాగితం పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. మొగ్గలు. రెక్కల అంచులు నల్లబడి, మెడలు వంగిపోయి ఉన్నాయి. నేను ఆ పూట మామకు క్యారియర్ తెచ్చి అక్కడే నిలబడి ఉన్నాను.

"శెట్టప్పా, మీరు కంబళి అని చెప్పి ఇచ్చినారు. ఇది కంబళి కాదు. బయట కంటే లోపలే చలి ఎక్కువుండాది" అన్నాడు.

"లోపలే చలా? అదెట్లప్పా? పక్క పరదాలు దించినావా లేదా? గాలే దూరదు కదా ఆడ?"

"అన్నీ దించినాను. సందు లేకుండా మూసినాను. తెల్లారేటప్పుడు వచ్చి చూడండి. బయట నిలబడితే ఓర్చుకోవచ్చు. లోపలికి పోతే ఎముకలు కొరుకుతాది."

పొట్లం అక్కడే వదిలి పోయాడు. మామ ఆ పూట అన్నం ముట్టలేదు. సరుకు చెడ్డది అంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు. తాను చెప్పిన మాట చెడ్డదైంది. అదీ ఎవరితో? నీళ్ళు కారని కంబళ్ళు తెచ్చినవాడి కొడుకుతో.

సాయంత్రం ఇంటికి వచ్చాక నన్ను పిలిచారు. "అమ్మా, బడిలో నువ్వు చెప్పే పాఠమే కదా ఇది? గాజిల్లు వేడిగా ఉంటుందని. మరి ఇదేమి?"

అప్పట్లో నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. పుస్తకంలో ఒక గాజిల్లు బొమ్మ, పక్కన భూమి బొమ్మ ఉంటాయి. రెండూ ఒకటే అన్నట్టు వేస్తారు. ఆ బొమ్మ చూస్తే నాకు ఎప్పుడూ చిరాకే. పగలు షెడ్డు వేడెక్కేది ముఖ్యంగా లోపలి వేడిగాలి తప్పించుకోలేకపోవడం వల్ల. తలుపులు వేసిన కారు ఎండలో ఉడికినట్టు. రాత్రి ఎండ లేదు. నేలా మొక్కలూ తమలో ఉన్న వేడిని కంటికి కనిపించని వెలుగులాగా పైకి వదిలేస్తుంటాయి. అందరమూ వదులుతాం, మనిషీ వదులుతాడు, గోడా వదులుతుంది. ఆ కనిపించని వెలుగును ఆపేది ఏదైనా పైన ఉంటే అది కొంత తిరిగి కిందికి ఇస్తుంది. లేకపోతే వేడి ఆకాశంలోకి పోతుంది. పల్చటి మామూలు ప్లాస్టిక్ ఎండనే కాదు, ఆ కనిపించని వెలుగును కూడా చాలావరకు పోనిస్తుందని కాలేజీలో చదివినట్టు లీలగా గుర్తు. పైగా గాలి కదలకుండా మూసేస్తే బయటున్న కాస్త వెచ్చటి గాలి కూడా మొక్కల దగ్గరికి రాదు. ఇదంతా చెప్పి, "నా మాట మీద ఇంకొకరికి చెప్పొద్దు మామా. ముందు మనమే చూద్దాం" అన్నాను. ఆయన ముఖం అప్పుడు కాస్త తేటపడింది.

మర్నాడు బడినుంచి మూడు థర్మామీటర్లు అడిగి తెచ్చాను. పొద్దు గూకేముందు మేడమీద మూడు చెంబుల్లో నీళ్ళు పోసి పెట్టాం. ఒకటి ఊరికే ఆకాశం కింద. ఒకటి నాలుగు కర్రలు కట్టి, పైనా చుట్టూ ప్లాస్టిక్ కప్పిన గూటిలో. ఇంకోటి అట్లాంటి గూటిలోనే, పైకప్పుగా మాత్రం ప్లాస్టిక్ బదులు నా కంబళి. మామ కర్రలు కట్టిన తీరు చూస్తే చంటిపిల్లకు ఉయ్యాల కడుతున్నట్టుంది. మా అత్త మెట్ల దగ్గర నిలబడి అంతా చూసింది. "పూజకు పెట్టుకున్న చెంబులు మూడూ పాయె. ఇంట్లో ఉండే మంచి కంబళీ పాయె. దాన్ని మంచులో తడపమని ఏ బడిలో చెప్పినారే మీ ఇద్దరికీ?" అంది. మామ వినబడనట్టే ముడి బిగించారు.

తెల్లవారకముందే ఇద్దరం మేడెక్కాం. మబ్బు తునక లేదు, గాలి లేదు. కంబళి పైభాగమంతా మంచు తడి. మామ ముందు వేలు పెట్టి చూశారు, థర్మామీటర్ల మీద ఆయనకు అంత నమ్మకం లేదు. ఆకాశం కింది చెంబులో వేలు పెట్టి "చల్లగుంది" అన్నారు. కంబళి కిందిది ముట్టుకుని "ఇది మేలు" అన్నారు. ప్లాస్టిక్ గూటిలో చేయి పెట్టి అట్లాగే ఉంచేశారు. థర్మామీటరు చూస్తే ఆకాశం కింది చెంబుకన్నా అది ఒక గీత కిందనే ఉంది. మామ చేయి బయటికి తీసి కండువాకు తుడుచుకున్నారు. "వాడు చెప్పింది నిజమే. నేను వానికి కంబళి అని చెప్పి కిటికీ అమ్మినాను" అన్నారు చివరికి.

తూర్పున వేగుచుక్క పెద్దగా, తెల్లగా మెరుస్తోంది. ఆయన మనసు మళ్ళించడానికి దాన్ని చూపించాను. అది నక్షత్రం కాదనీ, మన భూమి లాంటి గ్రహమేననీ, అక్కడ సీసం కూడా కరిగిపోయేంత వేడి అనీ చెప్పాను. "ఎండకు దగ్గరగా ఉండాది కాబోలు" అన్నారు. "దానికన్నా దగ్గరగా బుధుడు ఉన్నాడు మామా. బుధుడికన్నా ఇదే వేడి. దీని మీద బొగ్గుపులుసు గాలి కంబళి మీద కంబళి కప్పినట్టు దట్టంగా ఉంది. బుధుడికి కప్పుకోవడానికి ఏమీ లేదు" అన్నాను. మామ వేగుచుక్క వంక జాలిగా చూశారు. "పాపం, విప్పుకునే దారి లేదన్నమాట" అన్నారు. గ్రహం మీద జాలిపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

రెండు రోజుల తర్వాత మబ్బు పట్టింది. మళ్ళీ చెంబులు పెట్టాం. ఈసారి తెల్లవారి చూస్తే మూడింటికీ పెద్ద తేడా లేదు. మబ్బే కంబళి అయి కూర్చుంటే కింద ఏం కప్పినా ఒకటే. మామకు ఈ మబ్బు మాట చెంబుల లెక్కకన్నా బాగా అర్థమైంది. ఆ పొద్దునే బస్సెక్కి బేరిగె పోయారు, నన్నూ వెంటబెట్టుకుని.

షెడ్డులో గులాబీల వరసలపైన ఒక సన్నటి వల ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు పరదా అంటారు. ఎండ ముదిరినప్పుడు మొక్కలు మాడకుండా తాడు లాగి దాన్ని పరుస్తారు, పొద్దు వాలాక మళ్ళీ ముడిచేస్తారు. అందరూ చేసేది అదే. మామ అతనితో, "చలికాలం పోయేదాకా తిరగేసి చెయ్యప్పా. పొద్దు గూకేటప్పుడు పరదా పరుచు. తెల్లారి ఎండ వచ్చినాక ముడిచెయ్. వల మీద ఇంకో పాత గుడ్డ పరదా కూడా పరిచితే మరీ మంచిది" అన్నారు.

అతని భార్య పూలు కోసే కత్తెర పట్టుకుని నవ్వేసింది. "శెట్టప్పకు ఏమైనాదమ్మా? ఎండకు వేసే పరదా చీకటికి వెయ్యమంటాడే!" పక్క షెడ్డువాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఎండే లేని వేళ ఎండ పరదా ఎందుకని ఒకాయన అడిగాడు. మామ నొచ్చుకోలేదు. "ఎండ పైనుంచి వస్తాదప్పా. వేడి కిందినుంచి పోతాది. పగలు పైనోడిని ఆపుతాండాము. సాయంత్రం కిందోడిని ఆపల్ల. అంతే" అన్నారు. నేను పాఠం అంతా కలిపి చెప్పినా అంత పొట్టిగా చెప్పలేకపోయేదాన్ని. తర్వాత ఆ కాపరి కొడుకు చేయి పట్టుకుని అందరి ముందే, "నీకు తప్పు మాట చెప్పినాను. తెలీక చెప్పినాను. ఇది తెలుసుకుని చెప్తాండా" అన్నారు. అతను పోయి తాడు లాగాడు. వల కరకరమంటూ వరసలపై పరచుకుంది.

అన్ని పూలూ దక్కాయని చెప్పను. నల్లబడిన మొగ్గలు నల్లబడినట్టే పోయాయి. తర్వాత వచ్చిన మొగ్గలు నిలబడ్డాయి. మామ మాత్రం నెలంతా తెల్లవారగానే లేచి మేడమీదికి పోయి ఆకాశం చూసేవారు. మబ్బుంటే సంతోషం, చుక్కలుంటే దిగులు. చుక్కలున్న పొద్దున ఆయనకు కాఫీ ఇవ్వబోతే, "పరదా వేసుంటాడా వాడు?" అని అడిగేవారు. నాకేం తెలుసు మామా అంటే కసిరేవారు. ఫిబ్రవరి రాగానే ఒక పొద్దున కొట్టు తీసేసరికి మెట్ల మీద న్యూస్‌పేపర్లో చుట్టిన ఎర్రగులాబీల కట్ట ఉంది. అతను అప్పటికే పూల బండితో వెళ్ళిపోయాడు. మామ ఆ కట్ట విప్పలేదు. గల్లాపెట్టె పక్కన నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించి, కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళలో దుమ్ము పడిందని కూడా చెప్పారు, కొట్లో దుమ్మే లేదు.

ఆ తర్వాత ఎవరు కవరు కొనడానికి వచ్చినా ముందు కూర్చోబెట్టి, ఇది ఏమి ఆపుతుంది, ఏమి ఆపదు అని చెప్పి పంపేవారు. కొందరు విసుక్కుని పక్క కొట్టుకు పోయేవాళ్ళు. పోనీ అనేవారు.

పూల గండం గడిచాక ఆయనకు భూమి గురించి పట్టుకుంది. ఆదివారం కొట్టు మూసి, అమ్ముడుపోక మిగిలిన కంబళ్ళు దులిపే పని పెట్టుకున్నప్పుడు నన్ను కూర్చోబెట్టుకుని అడిగేవారు. మన మీద ఉండేది ప్లాస్టిక్కా, కంబళా? కంబళే మామా, అన్నాను. గాలిలో ఎక్కువ భాగం ఆ కనిపించని వేడిని పట్టించుకోదు. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మాత్రం పట్టుకుంటాయి. పట్టుకుని కొంత పైకీ కొంత కిందికీ వదులుతాయి. పైకి పోయినదాన్ని ఇంకాస్త పైనున్న గాలి పట్టుకుంటుంది. అట్లా మెట్టు మెట్టుగా ఎక్కి ఎక్కడో పల్చటి చల్లటి చోటినుంచి బయటపడుతుంది. చందమామకు ఆ కంబళి లేదు కాబట్టి పగలు కాలుతుంది, రాత్రి గడ్డకడుతుంది. అంగారకుడిదీ బొగ్గుపులుసు గాలే కాని పల్చటి పాత పంచె. మన కంబళి సరిగ్గా ఒంటికి సరిపోయింది. అదే లేకపోతే సముద్రాలు కూడా మంచుగడ్డలే.

"కంబళిలో నిప్పు లేదు కదమ్మా. అది వేడి యాడనించి తెస్తాది?" అన్నారు. తేదు మామా, అన్నాను. ఎండ రోజూ తెస్తుంది. వచ్చిన సరుకు వచ్చినంతా పోతుంటే కొట్టు మామూలుగా ఉంటుంది. బయటికి పోయే దారి ఇరుకైతే లోపల సరుకు పేరుకుంటుంది. వేడికి ఒక గుణం ఉంది. పేరుకునే కొద్దీ ఇంకా గట్టిగా బయటికి తోసుకుంటుంది. వచ్చినంతా మళ్ళీ పోయేదాకా లోపల వేడెక్కుతూనే ఉంటుంది. ఆయన లేచి, మడిచిన కంబళ్ళు ఒకటి మీద ఒకటి వేసి, అడుగున చేయి దూర్చి, ఇంకో చేయి పైన పెట్టి చూసుకున్నారు. "పైన ముట్టుకుంటే చల్లగానే ఉండాది. లోపలోడికే తెలుస్తాది" అన్నారు. అంతేనన్నాను. కాలేజీలో నాకు ఆ ముక్క అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది.

అప్పుడే ఇంకో మాట కూడా అడిగారు. మనం కాల్చే బొగ్గూ పెట్రోలూ ఆ కంబళిని మందం చేస్తున్నాయని పేపర్లో చదివారు. "షెడ్డులో పరదాకు తాడుంది. పొద్దున్నే ముడిచేస్తాడు వాడు. మన కంబళికి తాడు యాడుందమ్మా?"

నేను పెద్ద టీచరులాగా, కాల్చడం తగ్గించాలి, చెట్లు పెంచాలి అని మొదలుపెట్టాను. ఆయన ఓపికగా విన్నారు. "అది ఇంకో కంబళి వెయ్యకుండా ఉండేది. వేసిందాన్ని తీసేదానికి తాడు అడుగుతాండా నేను" అన్నారు. వేసింది చాలా కాలం పోదు మామా అన్నాను. చూసి చెప్తానులే అని కూడా అన్నాను.

మామ పోయి చాలా ఏళ్ళయింది. చలికాలంలోనే పోయారు, నిద్రలో, కంబళి కప్పుకునే. ఆ కంబళిని మా అత్త ఎవరికీ ఇవ్వనివ్వలేదు. అత్త కూడా పోయాక అది నా పెట్టెలో నా కంబళి పక్కన చేరింది.

ఫ్యాను వేసిన రోజు సాయంత్రమే ఆ కాపరి కొడుకు ఇంటికి వచ్చాడు. ఇప్పుడు అతనికీ జుట్టు నెరిసింది, షెడ్లు పెరిగాయి. ఎప్పటిలాగా కాగితంలో చుట్టిన పూలు తెచ్చి మామ ఫోటో కింద పెట్టాడు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, "ఈ ఏడు పరదా తాడు ముట్టనే లేదు టీచరమ్మా. పొద్దుగూకితే లాగే పనే పడలేదు. చలే రాలేదు కదా. పురుగు మాత్రం ముందే దిగింది, మందు కొట్టి సస్తాండాము. చలి బాధ లేదు అదొక్కటి మేలు. శెట్టప్ప ఉండింటే ఎంత సంతోషపడిండేవాడో" అన్నాడు.

అతను మంచి మాటే చెప్పాననుకున్నాడు. ఒక్క ఏడాదిని పట్టుకుని మాట్లాడకూడదని అనబోయి, ఖాళీ గ్లాసు అందుకుని లేచాను. కంబళి ఇంకా కుర్చీ మీదే ఉంది. లోపలికి పోయి దాన్ని మడతపెట్టి పెట్టెలో వేస్తుంటే మామ చేతులు గుర్తొచ్చాయి, ఒకటి కంబళ్ళ అడుగున, ఒకటి పైన. మన కంబళికి తాడు యాడుందన్న ఆయన ప్రశ్నకు రిటైరయ్యేలోపు ఏదో ఒక జవాబు చదివి చెప్పొచ్చులే అనుకున్నాను అప్పట్లో. రిటైరయ్యి కూడా ఏళ్ళు గడిచాయి, అడిగినాయన లేరు, నాకు వయసు మీద పడింది, ఆ ప్రశ్న ఒక్కటే నిన్న అడిగినట్టుంది.